ముందు వరుస

మార్చి 6

బావమరిదికి,

నువ్వు కులాసాగా ఉన్నావని మీ అక్క రోజూ చెబుతూనే ఉంది కాబట్టి ఆ ప్రశ్న అడగను. టెలిఫోన్ కంపెనీ ఇంజనీరుకి పోస్టులో ఉత్తరాలు రాసేవాణ్ణి ఈ రోజుల్లో నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఏం చేయమంటావు? ఫైర్ స్టేషన్లో ఫోను మోగిందంటే ఎక్కడో ఎవరి కొంపో అంటుకుందని అర్థం. ఇన్నేళ్ళుగా ఆ మోతకి ఉలిక్కిపడి లేచినవాణ్ణి, ఇంటికొచ్చాక మళ్ళీ దాన్ని చెవిన పెట్టాలంటే మనసొప్పదు. నా వాటా మాటలు కూడా మీ అక్కే మాట్లాడేస్తుంది. నాకు కాగితం మిగిలింది.

అసలు సంగతికొస్తాను. పోయిన వారం బస్టాండు పక్కన చెప్పుల దుకాణం అంటుకుంది. పెద్ద మంటేం కాదు. కానీ పొగ చూసి ఊరంతా ఆగిపోయింది. సగంమంది వీడియో తీస్తున్నారు, మిగతా సగం దాన్ని చుట్టాలకి పంపుతున్నారు. పక్క వీధిలో నీళ్ళ బండి దగ్గరున్న మావాడికి ఫోన్ చేస్తే ఒక్కసారి కూడా కలవలేదు. చివరికి మా పాత వైర్‌లెస్ సెట్లే ఆదుకున్నాయి. నెత్తిన రెండు మొట్టికాయలు వేస్తే గాని పలకవు. అయినా పలుకుతాయి.

ఇప్పుడు ఆ సెట్లు అప్పగించేయమని పైనుంచి మాట వచ్చింది. బాగుచేయడానికి విడిభాగాలు దొరకవట. బదులుగా, చెవిలో పెట్టుకునే తీగతో సహా అందరికీ ఫోన్లిస్తారట. కాదంటే అభ్యంతరం చెప్పి కొంతకాలం సెట్లు అట్టిపెట్టుకోవచ్చు. స్టేషన్ ఆఫీసర్ని కాబట్టి ఆ నిర్ణయం నాది.

మా సిబ్బందిలో ఒక పాతకాపు ఉన్నాడు. మేమంతా అతన్ని నిదానం అంటాం. నిచ్చెన అందరికంటే ముందు గబగబా ఎక్కేస్తూ, కిందవాళ్ళకి “నిదానం, నిదానం” అని చెబుతుంటాడు. నువ్వేమంటావని అతన్ని అడిగాను. “సెట్టు ముసలి ఎద్దు సార్. రెండు దెబ్బలేస్తే కదులుతుంది. ఫోను కొత్తల్లుడు. సరిగ్గా పనిబడ్డప్పుడే అలుగుతుంది” అన్నాడు.

ఆపదలో పనిచేసేవాళ్ళ ఫోన్లకి ముందు దారి ఇచ్చే ఏర్పాటు మీ కంపెనీలో ఉందని, అది నీ చేతిమీదుగానే జరుగుతుందని మీ అక్క గొప్పగా చెబుతోంది. నిజమేనా? నిజమైతే మాకు వస్తుందా? నీ మాట విన్నాకే సెట్ల సంగతి తేలుస్తాను.

ఉంటాను,
బావ

*

మార్చి 15

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం ఆఫీసుకే వచ్చింది. మా సెక్షన్‌లో పిల్లకాయలంతా స్టాంపుని వింతగా చూసి, దానికి చార్జింగు ఎక్కడ పెడతారని అడిగారు. మీవల్ల నాకు ఒక పూటంతా మంచి పేరొచ్చింది.

అక్క చెప్పింది నిజమే. టవర్ అంటే టిక్కెట్ల కిటికీ అనుకోండి. మామూలు రోజుల్లో నలుగురుంటారు, అందరికీ టిక్కెట్లు దొరుకుతాయి. ఏదైనా జరిగిందంటే వరుస వీధి చివరిదాకా పెరుగుతుంది. అప్పుడు కొన్ని నంబర్లకి మేం వేరే వరుస పెడతాం. ముందు వరుస అంటాం. కిటికీ దగ్గర ఎంత తొక్కిసలాట ఉన్నా ఆ నంబరు నుంచి పిలుపు వచ్చిందంటే ముందు దానికే దారి. పోలీసులు, ఆసుపత్రి, అంబులెన్సులు ఇప్పటికే అందులో ఉన్నారు. ఇప్పుడు మీరూ ఉన్నారు. మీ స్టేషన్‌కి ఇవ్వబోయే ఫోన్ల నంబర్లన్నీ ఇవాళ పొద్దున నా చేతులతో నేనే ఎక్కించాను.

పనిలో పనిగా అక్క నంబరు కూడా ఎక్కించేశాను. అది రూలు కాదు, మీరెవరితోనూ అనకండి. తమ్ముడిగా ఆ మాత్రం చేసుకోకపోతే ఇంత ఉద్యోగం ఎందుకు?

నిదానం గారికి చెప్పండి, ఈ అల్లుడు అలిగే రకం కాదని. ఆ డొక్కు సెట్లు నిశ్చింతగా అప్పగించేయండి. నా మాట మీద ఇచ్చేయండి. నేనున్నాను కదా.

మీ
బావమరిది

*

ఏప్రిల్ 2

బావమరిదికి,

సెట్లు అప్పగించేశాను. బుట్టలో పెట్టి పంపుతుంటే నిదానం వాటికి సెల్యూట్ కొట్టాడు. “పదవీ విరమణ సార్, మర్యాద ఉండాలి కదా” అన్నాడు. అందరం నవ్వాం.

కొత్త ఫోన్లు రాగానే పరీక్షించి చూశాం. ఒకణ్ణి డాబా మీదికి, ఒకణ్ణి షెడ్డు వెనక్కి, ఒకణ్ణి బజారు మధ్యకి పంపాను. అన్నీ టక్కున కలిశాయి. మాట కూడా గదిలో కూర్చుని మాట్లాడినట్టుంది. మావాళ్ళు నీకు అభిమానులైపోయారు.

నాకు మాత్రం ఒక చిన్న అనుమానం. మేం చూసింది మామూలు రోజున. ఖాళీ రోడ్డు మీద అంబులెన్సుకి దారి దొరకడం గొప్ప కాదు కదా. జనం తోసుకుంటున్నప్పుడు ఎలా ఉంటుందో ముందుగా చూసుకునే వీలుందా? నీ మీద అపనమ్మకం అనుకోకు. గొట్టం కొత్తదైనా నీళ్ళు వదిలి చూసుకోవడం మాకు అలవాటు.

మీ అక్క మోకాలి నొప్పి తగ్గింది. నువ్వొచ్చి చాలా కాలమైందని అంటోంది.

బావ

*

ఏప్రిల్ 12

బావగారికి,

మీ ఉత్తరం అందింది. నేను రావడం లేదన్న కోపం అక్కకి ఉంటే నాతో నేరుగా చెప్పమనండి. మీచేత ఫోన్ల మీద అనుమానాలు రాయించక్కర్లేదు.

రద్దీలో పరీక్షించాలంటే నేను ఊరంతటినీ ఒకేసారి ఫోన్లు పట్టుకోమనాలి. అది అయ్యే పని కాదు. మీ పని మీకెంత తెలుసో నా పని నాకూ అంత తెలుసు. ఒకసారి అయిపోయిందని చెప్పాక అయిపోయినట్టే.

మంచి కబురు ఒకటి. మీ ఊళ్ళో మా కంపెనీ కట్టిన కొత్త ఆఫీసుని మే నెలలో ప్రారంభిస్తున్నారు. ఏర్పాట్లన్నీ నాకే అప్పగించారు. మా డైరెక్టరు స్వయంగా వస్తున్నారు, ఊళ్ళో పెద్దమనుషులందరినీ పిలుస్తున్నాం. ఇది సవ్యంగా జరిగితే సెక్షన్‌కి నేనే పెద్దనవుతాను. ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తానని అక్కకి చెప్పండి. కోపం అప్పుడు తీరుద్దాం.

మీ
బావమరిది

*

మే 21

బావమరిదికి,

మీ అక్క ఫోన్లో ఏడవడమే తప్ప ఏమీ చెప్పలేకపోయిందట. అందుకని రాస్తున్నాను.

శనివారం నాడు, అక్కడ మీ ప్రారంభోత్సవం జరుగుతుండగానే, మీ కొత్త ఆఫీసుకి రెండు వీధుల అవతల పరుపుల గోడౌన్ అంటుకుంది. స్పాంజి కాలితే పొగ నల్లగా, బరువుగా ఉంటుంది. బజారు రోజు కావడంతో జనం గోడలెక్కి చూస్తున్నారు. కాపలా మనిషి లోపల చిక్కుకున్నాడని ఎవరో అరిచారు. నిదానం, ఇంకో ఇద్దరు ముందు తలుపు నుంచి లోపలికి వెళ్ళారు. నేను వెనకవైపు ఎలా ఉందో చూడ్డానికి వెళ్ళాను.

వెనక నుంచి చూస్తే, రేకుల కప్పుని మోస్తున్న ఇనుప దూలం వంగిపోతోంది. లోపలున్నవాళ్ళకి పొగలో అది కనపడదు. బయటికి రమ్మని చెప్పడానికి ఫోన్ చేశాను. లైన్లన్నీ రద్దీగా ఉన్నాయని ఒక ఆడగొంతు ఎంతో మర్యాదగా చెప్పింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే మర్యాద. మిగతా ఇద్దరికీ చేశాను. అంతే.

మధ్యలో నా ఫోను మోగింది. నిదానమే అనుకుని ఎత్తాను. మీ అక్క. “తమ్ముడు ఇంకా రాలేదండీ. అన్నం చల్లారిపోతోంది. మీ దగ్గరికేమైనా వచ్చాడా?” అంది. ఎంత స్పష్టంగా వినపడిందంటే, వెనక గిన్నె మూత పెట్టిన చప్పుడు కూడా తెలిసింది. జవాబు చెప్పకుండా పెట్టేసి గోడౌన్ చుట్టూ పరిగెత్తాను. అది పొడుగాటి గోడౌన్. గోడ పక్కనంతా జనం. “జరగండి, జరగండి” అని అరుస్తూనే ఉన్నాను. నేను మలుపు తిరిగేసరికి కప్పు కూలిన చప్పుడు వచ్చింది.

ఇద్దరు బయటపడ్డారు. దూలం విరుగుతుంటే వాళ్ళని గుమ్మంలోంచి తోసింది నిదానమే. అతను రాలేదు. కాపలా మనిషి అసలు లోపల లేడు. టీ తాగడానికి వెళ్ళాడట.

మీ టవర్‌కి ఏమైనా అయ్యిందా? మంట వేడికి తీగలేవైనా కాలాయేమో కనుక్కుని రాయి. విచారణ వేస్తారు, నేను చెప్పాలి. ఇందులో నీ తప్పేమీ లేదని మీ అక్కతో అన్నాను. ఆ రోజు నువ్వు ఇంటికి రాకుండానే వెళ్ళిపోయావు. పనుండి ఉంటుందిలే.

బావ

*

మే 27

బావగారికి,

నిదానం గారి వార్త నన్ను కుదిపేసింది. ఆయన్ని నేను చూడకపోయినా మీ ఉత్తరాల్లో ఎరుగుదును. ఆ కుటుంబానికి నా సానుభూతి చెప్పండి.

నా తప్పేమీ లేదని రాశారు. అంటే నా తప్పని ఎవరో అన్నారన్నమాట. ఇంటికి రాకుండా వెళ్ళానన్న మాట కూడా ఎత్తారు. మనసులో ఏదో పెట్టుకుని రాసినట్టుంది. ఆ రోజు డైరెక్టరు గారిని క్షేమంగా పంపించడం నా బాధ్యత. పొగ చూసి ఆయన కంగారుపడితే, ఆయనతోనే కార్లో వెళ్ళిపోవాల్సి వచ్చింది.

టవర్‌కి కరెంటు పోయి ఉండాలి. అంత మంటలో అది సహజం. విచారణలో అడిగితే అలాగే చెప్పండి. మనిద్దరి మధ్య ఉత్తరాలు నడిచిన సంగతి మాత్రం ఎత్తకండి. బంధుత్వం బయటపడితే లేనిపోని మాటలు పుడతాయి. మీ మంచికే చెబుతున్నాను.

బావమరిది

*

జూన్ 9

బావమరిదికి,

నేను మనసులో ఏమీ పెట్టుకుని రాయలేదు. పెట్టుకోవాల్సింది ఏదో ఉందని నీ ఉత్తరం చూశాకే తోచింది. అయినా ఆ ఆలోచనకే సిగ్గుపడి పక్కన పెట్టాను.

నిన్న మా బజార్లో బట్టల షాపు యజమాని ఒకాయన స్టేషన్‌కి వచ్చాడు. మంచివాడు, నిదానం పిల్లల చదువు సంగతి నేను చూసుకుంటానని చెప్పడానికి వచ్చాడు. మాటల్లో మాటగా, “మీ ఫోన్లు పనిచేయలేదట కదండీ. ఆశ్చర్యంగా ఉంది. నేను ఆ రోజు ప్రారంభోత్సవంలో ఉన్నాను. మంట సంగతి తెలిశాక కూడా నా ఫోను ఒక్కసారి ఆగలేదు. మా ఆవిడకి వీడియోలో అంతా చూపిస్తూ మాట్లాడాను. అక్కడున్న అతిథులందరివీ అంతే” అన్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, “అంతా మీ బావమరిది చలవ. మా నంబర్లు ముందే అడిగి తీసుకుని ఏదో ముందు వరుసలో పెట్టించాడు. మీ చుట్టమని తెలిసి మరీ సంతోషించాను” అన్నాడు.

ఆ మనిషికి ఏమీ తెలియదు. నీకు కృతజ్ఞతలు చెప్పమన్నాడు. చెబుతున్నాను.

ఇప్పుడు ఒక్కటే అడుగుతున్నాను. తిప్పకుండా చెప్పు. టవర్‌కి కరెంటు ఉంది. ముందు వరుస కూడా ఉంది. వాళ్ళని మా పక్కన కూర్చోబెట్టావా, మమ్మల్ని లేపి కూర్చోబెట్టావా?

బావమరిది బతుకు కోరతాడు, దాయాది చావు కోరతాడు అని మనవాళ్ళు సామెత చెబుతారు. నాకు దాయాదులు లేరు. ఆ లోటు ఎప్పుడూ తెలియలేదు.

బావ

*

జూన్ 16

బావగారికి,

మీరు అంత మాట అన్నాక దాచడం ఎందుకు?

ముందు వరుసలో చోటు కొంతే ఉంటుంది. అందరినీ ఎక్కిస్తే అది ముందు వరుస ఎలా అవుతుంది? ప్రారంభోత్సవం రోజున అతిథుల ఫోన్లు ఆగితే కంపెనీ పరువు పోతుందని డైరెక్టరు అన్నారు. “చోటు లేదండీ” అని చెప్పాను. “ఉన్నవాళ్ళలో ఎవరినైనా రెండు మూడు రోజులు లేపు. ఆ మాత్రం చేయలేకపోతే సెక్షన్ ఏం నడుపుతావు?” అన్నారు.

పోలీసులని లేపితే ఊరుకోరు. ఆసుపత్రివాళ్ళకి తెలిస్తే పేపర్లకెక్కుతారు. మీరైతే, ఒకవేళ తెలిసినా నన్ను కడుపులో పెట్టుకుంటారని అనుకున్నాను. సొంతవాళ్ళు కాబట్టే మీ స్టేషన్ని తీశాను. సోమవారం పొద్దున్నే మళ్ళీ ఎక్కించేద్దామని అనుకున్నాను. ఎక్కించాను కూడా. ఆ శనివారమే అలా జరుగుతుందని ఎవరనుకుంటారు?

మీతో చెబుదామని ఫోన్ తీశాను. చెబితే మీరు ఒప్పుకోరు. పై అధికారికి నాలుగు మాటలు రాసి పడేస్తారు. ఆ రెండు మూడు రోజులు గడిస్తే చాలనుకున్నాను.

అక్క నంబరు మాత్రం తీయలేదు. అక్కని తీయడానికి నాకు చెయ్యి రాలేదు. ఇది మీరు నమ్మాలి.

నేను చెడ్డవాణ్ణి కాదని మీకు తెలుసు. నాకూ ఇద్దరు పిల్లలున్నారు. విచారణకి నన్నూ పిలిచారు. అక్కడ మీరు నన్ను గుర్తుంచుకోండి. అక్కనైనా గుర్తుంచుకోండి.

బావమరిది

*

జూలై 30

అబ్బాయీ,

ఏమని పిలవాలో తెలియక ఇలా మొదలుపెట్టాను.

నీ ఉత్తరం మీ అక్కకి చదివి వినిపించాను. తన నంబరు తీయలేదన్న చోటికి వచ్చేసరికి ఆపమంది. “అంటే ఆ రోజు మీరు అతన్ని పిలుస్తుంటే, మధ్యలో దారి దొరికింది నాకా? అన్నం చల్లారిపోతోందని చెప్పడానికా?” అంది. ఆమె తప్పేముందని ఎంత చెప్పినా వినలేదు. నువ్వు ప్రేమతో చేసిన పని కదా, అది ఆమెని ఎక్కడ తాకిందో నీకు తెలియాలని రాస్తున్నాను.

ఒక్కటి నీకు అర్థం కాలేదని నీ ఉత్తరంలో ప్రతి ముక్కా చెబుతోంది. మమ్మల్ని వరుసలోంచి లేపినందుకు కాదు నా బాధ. లేపానని ఒక్క మాట చెప్పి ఉంటే పక్క స్టేషన్ నుంచి సెట్లు అరువు తెచ్చుకునేవాణ్ణి. అదీ దొరక్కపోతే గోడౌన్ మూల మూలకీ ఒక మనిషిని నిలబెట్టి, కేకతో కబురందించేవాణ్ణి. ఫోన్లు పుట్టకముందు కూడా మంటలార్పారు. మా చేతిలో పనికిరాని వస్తువు ఉందని మాకు తెలియకపోవడం వల్ల నిదానం పోయాడు. అది తెలిసినవాడివి నువ్వొక్కడివే. ఆ పూట నువ్వు రెండు వీధుల అవతల ఉన్నావు. పొగ చూశావు. అయినా కారెక్కావు.

ఇక విచారణ. నువ్వు డైరెక్టరు పక్కన కూర్చున్నావు. నావైపు చూడలేదు. ఫైర్ స్టేషన్‌కి మీరు ఏమైనా హామీ ఇచ్చారా అని అధికారి అడిగితే, “లేదండీ. చుట్టాలం కాబట్టి సరదాగా ఏవో కబుర్లు రాసుకునేవాళ్ళం. దాన్ని ఆయన అపార్థం చేసుకుని ఉంటారు” అన్నావు. రాసుకునే గుమస్తాకి సరిగ్గా వినపడలేదు. మళ్ళీ చెప్పమన్నాడు. నీకు ఇంకో అవకాశం దొరికిందని ఆశపడ్డాను. నిజం. అంత జరిగాక కూడా, ఇప్పుడు మారుస్తాడేమో అనుకున్నాను. నువ్వు రెండోసారి మొదటిసారికంటే స్పష్టంగా చెప్పావు.

నా వంతు వచ్చినప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పాను. నువ్వు రాసినవన్నీ బల్లమీద పెట్టాను. అధికారి ఓపిగ్గానే చదివాడు. చదివి, ఇవి ఇంట్లోవాళ్ళు రాసుకున్న మాటలు, కంపెనీ మాట కాదు అన్నాడు. అతిథుల సంగతి కంపెనీ లోపలి వ్యవహారం, దాన్ని వాళ్ళే చూసుకుంటారన్నాడు. పనిచేస్తున్న సెట్లని ఒక చుట్టం మాట పట్టుకుని అప్పగించిన స్టేషన్ ఆఫీసరుదే బాధ్యత అని తేల్చారు. నన్ను స్టేషన్ నుంచి తీసి సామాన్ల గిడ్డంగికి వేశారు. గొట్టాలు, హెల్మెట్లు లెక్కపెట్టి ఇచ్చే పని. నేను ఎదురు చెప్పలేదు. నీ మాట నమ్మింది నేనే కదా. సెక్షన్‌కి నువ్వు పెద్దవయ్యావని ఎవరో చెప్పారు.

నిదానం భార్య అంతసేపూ వెనక బెంచీ మీద కూర్చుని అన్నీ విన్నది. బయటికొచ్చాక నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనే అనుకుని తల దించుకున్నాను.

“ఆయన మీకేమవుతారు సార్?” అంది.

“నా భార్య తమ్ముడు” అన్నాను.

“అయితే అమ్మగారు ఇంట్లో ఎలా ఉన్నారో ఏమో. ఒకసారి మా ఇంటికి రమ్మనండి సార్” అంది.

మీ అక్క వెళ్ళింది. భయపడుతూనే వెళ్ళింది. పొద్దుపోయేదాకా ఉండి వచ్చింది. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. ఇప్పుడు వారానికి రెండుసార్లు వెళుతోంది. చిన్నపిల్ల జడ తనే వేసి బడికి పంపుతోందట.

మా ఇంటికి రావద్దని నేను అనను. అది మీ అక్క పుట్టింటి బంధం, తెంచే హక్కు నాకు లేదు. కానీ నువ్వు వస్తే నేను లేచి లోపలికి వెళ్ళిపోతాను. నిన్ను కడుపులో పెట్టుకుంటానని అనుకున్నావు. ఆ అనుకోవడం వల్లే ఒక మనిషి కాలిపోయాడు. ఇక అక్కడ నీకు చోటు లేదు.

ఇంకా రాయడానికేమీ లేదు. మీ అక్క పక్కనే కూర్చుని ఉంది. చివర్లో నీకు తన ఆశీస్సులు రాయనా అని అడిగాను. చాలాసేపు కాగితం వైపే చూసింది.

వద్దంది.